వ్యానులో వచ్చినవాళ్ళు ముందు

నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం, నేరం రుజువు కాకుండానే ఒక మనిషిని జైల్లో ఉంచారు. ఆమె దోషి అని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. ఏదో ఒకటి అనాలంటే ముందు ఆమె కేసు పిలవాలి గదా, అది పిలవరు. వాయిదా రోజున పోలీసు వ్యాను ఆమెను కోర్టు వెనక వరండాలో దింపుతుంది. లోపల పేరున్న వకీళ్ళ కేసులు ముందు నడుస్తాయి. ఖైదీల వంతు వచ్చేసరికి కాపలావాళ్ళ డ్యూటీ మారే వేళవుతుంది. "పదండి, పదండి" అని మళ్ళీ వ్యాను ఎక్కిస్తారు. ఆమె దర్జీ. కొట్టు మానేసి వెళ్ళేటప్పుడు తన కుట్టుమిషను తాను పట్టుకుపోయినందుకు కొట్టు యజమాని పెట్టిన దొంగతనం కేసు అది.

ఈ అన్యాయం మీద ఏళ్ళ తరబడి గొంతు చించుకున్న ఆ దర్జీ వకీలును కోర్టంతా 'వాయిదా వదిన' అంటుంది. వదిన అనే పిలుపు ఆవిడ మరదలి నోటినుంచి వచ్చింది. భర్త చెల్లెలైన ఆ మరదలూ వకీలే. ఇద్దరూ ఒకే గదిలో ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని ప్రాక్టీసు చేశారు. ఆ పిల్ల పొద్దస్తమానం "వదినా, వదినా" అని కేకలు పెడుతుంటే గుమాస్తాలూ, జూనియర్లూ కూడా అదే అందుకున్నారు. వాయిదా అన్నది మాత్రం ఆవిడ కేసుల జాతకం చూసి తగిలించారు.

వదిన కోరినది చాలా చిన్నది: వ్యానులో వచ్చినవాళ్ళ కేసులు ముందు పిలవండి. అర్జీ పెట్టినప్పుడల్లా పెద్దలు "చూద్దామమ్మా" అన్నారు. అర్జీల నకళ్ళు బీరువాలో పెరిగాయి తప్ప వరండాలో ఏమీ మారలేదు.

ఇంతలో మరదలికి విదేశంలో ఉద్యోగం వచ్చింది. తమ కోర్టులను బాగుచేసుకోదలచిన ఆ దేశపు న్యాయశాఖ బయటినుంచి సలహాదారులను పిలిపించుకుంటోంది. వెళ్ళేనాడు పెట్టె సర్దినది వదినే. ఆ తరువాతే మొదలైంది కడుపుమంట. మరదలు తన గది ఫోటో పంపితే వదిన కళ్ళద్దాలు సవరించుకుని పెద్దది చేసి మరీ చూసింది. కిటికీ, గిర్రున తిరిగే మెత్తటి కుర్చీ, ఒక్కర్తికే ఒక బల్ల.

"అంత పరీక్షగా చూస్తున్నావు, ఏముంది అందులో?" అన్నాడు భర్త.

"మీ చెల్లెలికి మంచి కుర్చీ ఇచ్చారండీ. నడుము నొప్పి రాదు."

"మరి నీకెక్కడ నొప్పి?"

"వెళ్ళి స్నానం చేయండి."

ఒకనాడు మరదలు ఫోను చేసింది. "వదినా, ఇక్కడ నాకు కోర్టులో నోరెత్తే హక్కు లేదు తెలుసా? వెనక బెంచీలో కూర్చుని చూడాలి. జడ్జిగారు విరామంలో అడిగితేనే చెప్పాలి."

"నువ్వు? నోరు మూసుకుని? మీ అన్నయ్యతో చెప్పకు, గుండె ఆగిపోతుంది."

"ఆ నోరు మూసుకునే ఒక పని సాధించా. వ్యానులో వచ్చినవాళ్ళని ముందు పిలిపిస్తున్నా! మన పద్ధతి ఒప్పుకున్నారు."

"మన పద్ధతా?"

"సరే తల్లీ, నీ పద్ధతి. చాలా?"

వదిన నవ్వింది. ఫోను పెట్టేశాక చాలాసేపు బల్లకు అవతలి ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చుంది. ఎవరో ఖైదీలు, ఏనాడూ చూడని మనుషులు, తన ఆలోచన వల్ల ఇళ్ళకు పోతున్నారు. సంతోషించవలసిన మాటే. కాని తన దర్జీ ఇంకా జైల్లోనే ఉంది, మెప్పు వేరొకరికి దక్కింది. ఈ రెంటిలో ఏది ఎక్కువ మండుతోందో తేల్చుకోవడానికి ఆవిడకు ధైర్యం చాలలేదు.

కొన్నాళ్ళకు ఇక్కడి కోర్టువారికీ సంస్కరణ మీద మనసు పోయింది. విదేశాల్లో అనుభవం గడించిన నిపుణురాలిని రప్పించారు. ఆ నిపుణురాలు ఎవరో కాదు, మరదలే. వదిన అర్జీలను ఏళ్ళపాటు నానబెట్టిన కమిటీయే మరదలి మాటను ఒక్క సమావేశంలో ఒప్పుకుంది.

"ఎంత సులువైన ఉపాయం! మనకు తట్టనే లేదు," అన్నాడు అధ్యక్షుడు.

మరదలు లేచి, "ఇది మా వదిన ఆలోచనండీ. అదుగో, ఆ మూల కూర్చుంది," అంది.

"చూశారా, పెద్దలంటే ఎంత గౌరవమో!" అని ఆయన మురిసిపోయాడు. సభంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు కూడా మరదలికే.

కొత్త పద్ధతి మొదలయ్యే రోజున వదిన కోర్టు హాలుకు వెళ్ళలేదు. మొదటి గంట ఎలాగూ ఉపన్యాసాలతోనూ పొగడ్తలతోనూ గడుస్తుంది, ఆ వేడుక నేనెందుకు చూడాలి అనుకుని, గదిలో స్టవ్ మీద టీ పెట్టుకుంది. ఆ పద్ధతిని పుట్టించిన మనిషే, ఆ పద్ధతిలో మొదట పిలిచేది ఆనాటి వాయిదాకు వ్యానులో వచ్చే తన దర్జీనే అన్న సంగతి మరిచిపోయింది. ఈర్ష్య కళ్ళు మూసేసింది.

టీ పొంగుతుండగా మరదలు రొప్పుతూ వచ్చి పడింది. "వదినా! నీ దర్జీని పిలిచేశారు! మళ్ళీ మళ్ళీ పిలిచారు. నేను లేచి మాట్లాడబోతే కూర్చోమన్నారు. వకాలతు నీది, నేను ఉత్త సలహాదారుని!"

వదిన ఒక చేతికి కోటు తొడిగి, రెండోది వేలాడుతుండగా పరుగెత్తింది. వెనక వరండాలో దర్జీని వ్యాను దగ్గరికి నడిపిస్తున్నారు. మరదలు వదినను దాటి ముందే చేరి దర్జీ భుజం పట్టుకుంది. దానికీ వదినకు ఈర్ష్య కలిగింది. ఆ చోట ఉండవలసిన చెయ్యి తనది.

"ఇన్నాళ్ళకి మొట్టమొదట నా పేరే పిలిచారమ్మా," అంది దర్జీ. "తిరిగి చూస్తే మీరే లేరు."

వదిన మరదలితో, "వ్యానుకు అడ్డం నుంచో. దానికి వకాలతు అక్కర్లేదు," అని హాలులోకి వెళ్ళింది.

జడ్జి తల ఎత్తాడు. "ఒకసారి పిలిస్తే పిలిచినట్టేనమ్మా. వాయిదా వేసేశాం. పద్ధతి మీ ఇంటివాళ్ళదే కదా?"

"పద్ధతి నాదేనండీ. ఇవాళ తప్పూ నాదే," అంది వదిన. కోటు రెండో చెయ్యి ఇంకా వేలాడుతూనే ఉంది. "మా ఆడపడుచును పొగుడుతుంటే చూడలేక గదిలో కూర్చున్నా. నామీద ఏం రాసుకుంటారో రాసుకోండి, సంతకం పెడతాను. నేను ఎన్నిసార్లు అడిగినా మీకు వినపడని మాట విదేశం తిరిగొస్తే వినపడింది. అదీ వదిలేస్తున్నా. కాని వకీలు రాకపోతే వకీలును నిలదీయాలి గాని, బోనులో నిలబడ్డ మనిషిని మళ్ళీ జైలుకు పంపుతారా? వ్యాను ఇంకా కదల్లేదు. ఆ వాయిదా కొట్టేయండి. ఆమెను వెనక్కి రప్పించండి. కేసు ఇప్పుడే, నా ఎదురుగా పిలవండి!"