నూనె చేతులు

చిలకలూరిపేటకు అవతల ఒక ఊళ్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా బడికి ఒకే ఒక్క కంప్యూటర్, దానితోపాటు లెక్కల ఆటల సీడీ ఇచ్చారు. దానికోసం గుంటూరులో పెట్టిన ట్రైనింగులో ఒకాయన, “ఇకముందు చదువులన్నీ ఆటల్లోనేనండి, టీచర్లు పక్కన నిలబడితే చాలు” అన్నాడు. అందరూ నవ్వారు. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. నిలబడేదానికి నేనెందుకు, దిష్టిబొమ్మ చాలదా అనుకుంటూ బస్సెక్కాను.

దానికి తోడు ఆ పెట్టె పాడైతే మాట పడాల్సింది నేనే. గది తాళంచెవి నా కొంగున ముడేసుకుని తిరిగేదాన్ని.

క్లాసులో నోరు విప్పని పిల్ల ఒకతి ఉండేది. భిన్నాలంటే నేలచూపులు చూసేది. ఆటలో రెండు భిన్నాలు సరిగ్గా కూడితే ఏట్లో పడవ కాస్త ముందుకు కదులుతుంది. మూడో రోజుకే ఆ పిల్ల పడవను అవతలి ఒడ్డుకు చేర్చేసింది. పైగా పక్కపిల్లతో, “ముందు కిందవి రెండూ ఒకటి చెయ్యవే” అంది. ఏడాదంతా నేను గొంతు చించుకున్న మాటే అది. సంతోషించానా అంటే, ముందు కుళ్లుకున్నాను.

ఇంతలో మిరప కోతలొచ్చాయి. పిల్లలు తెల్లారే చేలోకెళ్లి కాయలు కోసి, ఆనక బడికొచ్చేవాళ్లు. నీళ్లతో కడిగినా చేతులకంటిన మిరప మంట పోదు. అందుకని చేతులకు నూనె రాసుకొచ్చేవాళ్లు. మౌస్ లోపలి బంతికి జిడ్డు పట్టి, తెరమీద బాణం కదలడం మానేసింది. నాకు ఒళ్లు మండింది. నూనె చేతులతో ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని గట్టిగా చెప్పేశాను.

వారం తిరిగేసరికి ఆ పిల్ల బడి మానేసింది. పరీక్షలు నెలన్నరలో ఉన్నాయి. కోతలకని ఆగిపోయిన ఆడపిల్లలు మళ్లీ బడిగడప తొక్కడం నేను పెద్దగా చూడలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. భయమేసింది, సిగ్గూ వేసింది.

ఆ సాయంత్రమే చేలోకి వెళ్లాను. వాళ్లమ్మ కోత ఆపకుండానే, “పొమ్మంటే పోవట్లేదండి. నూనె రాసుకుంటే ఆ కంప్యూటర్ ముట్టుకోనివ్వరు, ఇంకెందుకులే అంటంది” అంది.

నేను పిల్లవైపు తిరిగి, “నూనె రాసుకునే రామ్మా. మౌస్ నేను తుడుచుకుంటాలే” అన్నాను. తలూపింది.

మర్నాడు వచ్చింది. అందరికంటే ముందే కంప్యూటర్ దగ్గర కూర్చుంది. పడవ సగం ఏరు దాటాక చూశాను. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఆట మాత్రం ఆపలేదు. చెయ్యి పట్టుకుని చూస్తే వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నూనె చుక్క లేదు.

“రాసుకోమన్నాను గదమ్మా?”

“ఇయ్యాళంటే రానిచ్చారండి. రేపు జిడ్డు పట్టి ఇది ఆగిపోతే మళ్లీ వద్దంటేనో?” అంది, మౌస్ వదలకుండా.