రహీమా అక్క చూపించిన లోతు

ఎండుమిరపకాయల ఘాటు గొంతుకు తగిలి దగ్గు ఆగడం లేదు. నరసరావుపేట దగ్గర ఒక కల్లంలో, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతున్న వేళ, కెమెరా పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. పక్కనున్న రైతు జాలిపడి, "నిలబడి తియ్యొచ్చుగా మేడమ్, కాయంతా కనపడుద్ది" అన్నాడు. నిలబడి తీస్తే కాయంతా కనపడుతుంది, నిజమే. కానీ అంతెత్తున పోసిన రాశి నేల మీద ఎర్రటి మరకలా మిగులుతుంది. ఆ తేడా నాకు నేర్పింది పొదిలిలో ఫోటో స్టూడియో నడిపిన రహీమా అక్క. కల్లంలో కూర్చున్నంతసేపూ ఆమే గుర్తొచ్చింది.

వాళ్ల నాన్న దగ్గర పని నేర్చుకుని, ఆయన తరవాత స్టూడియో తనే చూసుకునేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఆమె ముందైతే బిగుసుకుపోకుండా కూర్చునేవాళ్లు. డిగ్రీ అయ్యాక నేను అక్కడ పనిలో చేరాను. మొదట్లో నేను తీసిన మొహాలన్నీ గోడకు అంటించిన కాగితాల్లా వచ్చేవి. అదే కుర్చీలో, అదే మనిషిని అక్క తీస్తే ముక్కూ గడ్డమూ ముందుకు వచ్చి, చెవులు వెనక్కి వెళ్లి, పలకరిస్తే పలికేలా ఉండేది.

"నీ కెమెరా మంచిదక్కా" అన్నానొకసారి.

"మరి దాంతోనే తియ్యి" అని చేతిలో పెట్టింది. తీశాను. మళ్లీ కాగితమే. ఆమె నవ్వి, లైటును ఎదురుగా ఉన్నచోటు నుంచి పక్కకు జరిపింది. "ఎదురుగా కొడితే నీడలన్నీ చెరిగిపోతాయి సుజాతా. నీడ లేకపోతే బుగ్గ ఎంత గుండ్రమో, కన్ను ఎంత లోపలికి ఉందో ఎట్లా తెలిసేది?" కూర్చున్నావిడను గోడ దగ్గరనుంచి ముందుకు రమ్మంది. అప్పుడు నొక్కితే, ఆ మనిషి వెనక గాలి ఉన్నట్టనిపించింది.

ఆ తరవాతి ఏడాది, ఒక పెళ్లిజంటకు పత్తిచేలో ఫోటోలు తీస్తూ అక్క వెనక్కి వెనక్కి నడిచి పక్కకు వంగింది. ఎండిన పత్తికట్టె మొన ఎడమ కంట్లో గుచ్చుకుంది. నీళ్లతో కడుక్కుని పని ముగించే ఇంటికొచ్చింది. వారానికల్లా కన్ను పుండు పడింది. గుంటూరు ఆసుపత్రిలో ఎన్నాళ్లు వైద్యం చేసినా చూపు నిలవలేదు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర మిగిలింది.

తిరిగొచ్చాక ఆమె గ్లాసులో టీ పోస్తే బల్ల మీద పడేది. మెట్టు దిగబోయి గాల్లో కాలు పెట్టేది. పెళ్లి ఫోటోలకు మాట్లాడుకున్న వాళ్లు ఒక్కొక్కరే వేరే ఫోటోగ్రాఫర్ల దగ్గరికి వెళ్లారు. ఒక పెద్దమనిషి మొహం మీదే, "రెండు కళ్లున్నవాళ్లే సరిగ్గా తియ్యట్లేదమ్మా" అన్నాడు. ఆయన వెళ్లాక అక్క కుర్చీ తెచ్చి స్టూడియో గుమ్మంలో వేసుకుంది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం దాకా బజారు చూస్తూ అక్కడే కూర్చునేది. దిగులు పడుతోందనుకున్నాను.

"ఏం చూస్తున్నావక్కా?"

"ఏది దగ్గరో, ఏది దూరమో మళ్లీ నేర్చుకుంటున్నా. అదిగో, ఆ ఆటో ఎద్దుబండిని సగం కప్పేసింది, అంటే ఆటో ఇవతల ఉంది. ఆ చివర మనిషి దుమ్ములో పాలిపోయి కనపడుతున్నాడు, అంటే అవతల. నీడ ఎక్కడ నేలకు తాకిందో చూస్తే మెట్టు తెలుస్తోంది." నా వైపు తిరిగి గట్టిగా అంది. "కెమెరాకీ ఒకే కన్ను కదే. ఇన్నేళ్లూ దానికి ఎట్లా కనపడుతుందో ఊహించి తీశా. ఇప్పుడు చూసే తీస్తా."

ఆ మాట అన్న కొద్దిరోజులకే కోటేశ్వరరావు అనే రైతు వచ్చాడు. వాళ్లమ్మ సుబ్బమ్మ గారు తుంటి విరిగి మంచానపడ్డారట. తన చేతులతో రాళ్లేరి బాగుచేసుకున్న చేను ఒక్కసారి చూడాలని పోరుతున్నారట. తీసుకెళ్లే వీలు లేదు. పెద్ద ఫోటో కావాలన్నాడు. "మీరే తీస్తారా?" అని అడిగినప్పుడు అతని చూపు నా వైపుంది. "నేనే తీస్తా" అంది అక్క.

మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నమైంది. మిరపచేనంతా ఎర్రగా పండి ఉంది. గట్టెక్కి మొత్తం వచ్చేలా తీశాం. పటం కట్టించి తీసుకెళితే సుబ్బమ్మ గారు ఎగాదిగా చూసి, "ఎర్ర చీర ఆరేసినట్టుంది. మా చేను ఇంతేనంటమ్మా? ఈ కొసన కేకేస్తే ఆ కొసకి వినపడేది కాదే!" అని పక్కన పెట్టేశారు. కోటేశ్వరరావు మర్యాదగా, పర్లేదులెండి అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క పటం వెనక్కి తీసుకుంది. "పెద్దామె అన్నదే నిజం. రేపు మళ్లీ పోదాం."

"వద్దక్కా, ఈసారీ బాగా రాకపోతే ఊరంతా చెప్పుకుంటారు."

"చెప్పుకోనియ్యి. పొద్దు పొడవకముందే రా."

మర్నాడు మేం వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. అక్క గట్టెక్కలేదు. చేలోకి దిగి, తడబడి ఒకసారి పడి, లేచి, సాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుంది. నేను చెయ్యి అందించబోతే వద్దంది. కెమెరాకు బాగా దగ్గరగా కాయలతో వంగిన ఒక కొమ్మ. దాని అవతల కాయలు కోస్తున్న కూలీ ఆడవాళ్లు, ఒకరి వెనక ఒకరు, పోనుపోను చిన్నగా. ఇంకా అవతల చేను చివర వేపచెట్టు, మంచులో సగం కలిసిపోయిన కొండ. కూలీలు కోసుకుంటూ ముందుకు జరుగుతుంటే నేను తొందరపెట్టాను. ఆమె కదల్లేదు. సూర్యుడు పక్కనుంచి పైకి లేచి ప్రతి సాలులోనూ నీడ పడేదాకా ఆగి, అప్పుడు నొక్కింది.

కొత్త పటం తీసుకెళితే సుబ్బమ్మ గారు దాన్ని దగ్గరికి లాక్కున్నారు. ఆమె వేలు ముందున్న కొమ్మ మీదనుంచి మనుషుల మీదుగా మెల్లగా జరిగి వేపచెట్టు దగ్గర ఆగింది. "అబ్బో, ఎంత దూరం! బిందె నెత్తిన పెట్టుకుని అక్కడిదాకా నడిచేదాన్నమ్మే. మధ్యలో ఒకసారి దించుకునేదాన్ని, ఇక్కడ" అన్నారు. కోటేశ్వరరావు మంచం పక్కన కూర్చుండిపోయాడు. ఆమె ఆ కబుర్లు అతనికీ ఎప్పుడూ చెప్పలేదట.

బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాక అక్క రెండు కళ్లూ తుడుచుకుంది. "నాన్న పెట్టిన స్టూడియో మూసేదాన్ని కాదులే" అంది, నేనేదో అడిగినట్టు. నిజంగానే మూయలేదు. చివరి జబ్బు చేసేదాకా ఆమె పెళ్లిళ్లు తీస్తూనే ఉంది.

నేను సొంతంగా పని మొదలుపెట్టే ముందు ఆమె ఫోటో ఒకటి తీసుకుంటానన్నాను. కిటికీ పక్కన కూర్చోబెట్టి, దెబ్బతిన్న కన్ను చీకట్లోకి పోయేలా మొహం తిప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది. కుర్చీ తిప్పుకుని ఆ కంటినే వెలుతురు వైపు పెట్టింది.

"ఇది కూడా నా మొహమే. దీన్ని నీడలో దాస్తే అక్కడేముందో చూసేవాళ్లకి ఎట్లా తెలిసేది? ఇప్పుడు తియ్యి."

తీశాను. అక్క పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లు ఫోన్లో చేసినట్టు వెనకంతా మసక చెయ్యమంటారు, మచ్చలు చెరిపెయ్యమంటారు. వాళ్లు అడిగింది కాదనను. ముందు మాత్రం కిటికీ తెరిచి, ఆ మనిషి దాచుకుంటున్న వైపు వెలుతురు పడేలా కాసేపు కూర్చోబెట్టి ఒకటి తీసి చూపిస్తాను. చాలామంది అదే తీసుకెళతారు.