అల్లుడు మెచ్చిన ఈతకల్లు

మా అక్కను గోదావరి వైపు ఇచ్చాం. సెల్‌ఫోన్లు మా ఊరికింకా రాని రోజులవి. అక్క అత్తగారింటికి తాటితోపు ఉంది. మామగారు సరదా మనిషే గానీ ఆ సరదా అంతా మా అక్క మీదే. "మీ అనంతపురంలో తాగడానికి నీళ్లే ఉండవు, ఇంక కల్లెక్కడిదమ్మా" అనేవాడట. ఇంటికి చుట్టాలొస్తే వాళ్ల ముందూ అదే మాట. ఒకసారి అక్క ఫోన్లో ఇది నవ్వుతూనే చెప్పడం మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి ఫోన్ పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. మాది ఎండిన నేల అంటే పడతాం, నిజం కాబట్టి. ఏమీ లేని నేల అంటే ఎందుకు పడాలి?

దసరాకు అక్కతో పాటు బావ కొత్త అల్లుడిగా వస్తున్నాడు. నాయన నన్ను పిలిచి, "ఏం జేస్తావో నాకు తెల్దు. మన కల్లు బాగుండాదని ఆ అల్లుడే వాళ్ల నాయనకు చెప్పల్ల. లేకుంటే మీ అక్క ఆ ఇంట్లో తలెత్తుకోని తిరగలేదు" అన్నాడు.

చెప్పినంత తేలికా? మా దగ్గరి కళ్యాణదుర్గం అంగళ్లలో అమ్మేది కల్లు కాదు, ఏదో మందు కలిపిన తెల్లనీళ్లు. అంగడి అంగడికీ పోయి గుక్కెడు నోట్లో పోసుకోవడం, బయటికొచ్చి ఉమ్మడం. విసుగొచ్చింది. చివరికి షేర్ ఆటోలో ఎవరో చెబితే, పొలాల మధ్య వంక గట్టున ఉన్న ఈతచెట్ల దగ్గరికి పోయాను. అక్కడ కల్లు గీసే అన్న చెట్లకు కుండలు కాదు, సొరబుర్రలు కట్టాడు. ముదిరి ఎండిన సొరకాయను తొలిచి చేసిన బుర్రలు. అప్పుడే దింపిన బుర్రలోంచి మోదుగాకు దొప్పలోకి వంచాడు. చల్లగా, తియ్యగా ఉంది. మింగాక నాలుక మీద చిన్న చురుకు. "ఇదీ కల్లంటే!" అని ఆ గట్టు మీద ఒక్కడినే ఎగిరి గంతేశాను.

బావను అక్కడికే తీసుకుపోతే సరిపోయేది. నాయన ఒప్పుకోలేదు. "అల్లున్ని చెట్టు కింద గొంతుక్కూచోబెడ్తామా? మన మర్యాద ఏం గావల్ల? ఇంటికి తేపో, వెండి గ్లాసులో పోద్దాం" అన్నాడు.

సరే, పండగ మరునాడు పోయి ఒక బుర్ర నింపించుకున్నాను. పొంగే కల్లుకు మూతి బిగించకూడదని మా ఊళ్లో పాలు తాగే పిల్లకైనా తెలుసు. కానీ ఫలానా వాళ్ల పిల్లోడు బస్సులో కల్లు మోసుకొస్తున్నాడని వాసన పట్టేస్తే పరువేం కావాలి? గుడ్డ దోపి, దారంతో బిగించి, పైన పసుపు బట్ట చుట్టాను. బస్సులో పక్కనున్న పెద్దమనిషి "ఏమప్పా అది?" అంటే "తీర్థం" అన్నాను. గతుకుల రోడ్డు మీద కాసేపు పోయామో లేదో, ఢామ్మంది! టైరు పేలిందనుకుని కండక్టరు విజిల్ వేశాడు. బుర్ర మూతికి బిగించిన గుడ్డ పైకెగిరింది, నురగంతా పెద్దమనిషి పంచె మీద. ఆయన వేలు నాకి చూసి, "మంచి దేవుడే, యాడుండాదప్పా ఆ గుడి?" అన్నాడు.

ఖాళీ బుర్రతో ఇంటికొస్తే బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "సొరకాయ కోతలే అనుకున్నానోయ్ బావమరిదీ, మీ దగ్గర సొరకాయలు పేల్తాయి కూడానా!" నాయన మొహం మాడిపోయింది. మరునాడే వాళ్ల ప్రయాణం.

అప్పుడు అక్క లేచింది. "నాయనా, నీ మర్యాద ఇంట్లో పెట్టు. పొద్దున్నే ఆయన్ను చెట్టు కాడికే పిల్చుకపోదాం."

పొద్దున్నే పోయాం. ఇస్త్రీ ప్యాంటుతో బావ ఎలా కూర్చోవాలా అని చూస్తుంటే, నాయన ముందుగా తనే గొంతుక్కూర్చున్నాడు. దొప్ప బావ చేతికిచ్చి, బుర్ర వంచి స్వయంగా పోశాడు. బావ తాగాడు. అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ ఆయన మొహమే చూస్తోంది.

"ఏమల్లుడా, ఎట్లుండాది?" అన్నాడు నాయన.

బావ దొప్ప ముందుకు చాపాడు. "ఇంకొంచెం పొయ్యండి మావయ్యగారూ." అది కూడా అయ్యాక మీసాల నురగ తుడుచుకుని, "నిజం చెప్తున్నానండీ, ఇలాంటి కల్లు నేనెప్పుడూ తాగలేదు" అన్నాడు.

నాయన తొడ చరిచాడు. నేను వేసిన ఈలకు వంకలో మేకలు బెదిరాయి. గెలిచాం!

అక్క మాత్రం ఇంకా నవ్వలేదు. "మాకు చెబితే ఏం లాభం? పదండి" అంటూ బావను సరాసరి బజార్లో ఎస్టీడీ బూత్‌కు నడిపించింది. నంబరు తనే నొక్కి రిసీవర్ చేతికిచ్చింది. బావ గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, ఇక్కడ ఈతకల్లు తాగాను. మన తాటికల్లు దీని కాలిగోటికి సరిపోదు." బయట నిలబడ్డ నాయన అటు తిరిగి, సరిగ్గానే ఉన్న పంచెను మళ్లీ కట్టుకున్నాడు.

అక్క రిసీవర్ లాక్కుంది. పెళ్లయినప్పటి నుంచి వాళ్లతో వాళ్ల గోదావరి మాటే మాట్లాడేది. మాది మాట్లాడితే నవ్వుతారని భయం. ఆ రోజు బజారంతా వినబడేట్టు అంది:

"ఇన్నారు గదా మామా! వచ్చే దసరాకు మీరు గూడా రాండి. మా నాయన పోస్తాడు, కడుపునిండా తాగుదురు గానీ!"