శభాష్‌కి సైగ లేదు

ఏసురత్నం కుర్చీలో కూర్చున్నా ఆయన కుడికాలు మాత్రం కూర్చోదు. ఊగుతూనే ఉంటుంది. క్యాంప్ 1 అనే పేటలో ఆయన ఇల్లు రెండు గదులదే కాబట్టి, ఆ ఊపుకి మంచమూ, మంచాన్ని ఆనుకున్న బల్లా, బల్లమీది గ్లాసులూ సన్నగా మోగుతుంటాయి. భార్య డైసీ ఆ మోతకి ఎంత అలవాటు పడిందంటే, అది ఆగితేనే వంటింట్లోంచి తొంగి చూస్తుంది, మనిషి ఎటు వెళ్ళాడా అని.

భిలాయి ఉక్కు కర్మాగారంలో ఆయన ఉద్యోగం సైగలు చెయ్యడం. క్రేను నడిపేవాడు పైన కాబిన్లో ఉంటాడు. కింద ఏముందో సరిగ్గా కనపడదు. నేలమీద నిలబడి, పైకి, కిందికి, మెల్లిగా, ఆగు అని చేతులతో చెప్పేవాడు ఒకడుండాలి. ముప్పయ్యొక్కేళ్ళుగా ఆ ఒకడు ఏసురత్నం. ఆయన సైగ కింద ఎవరి కాలివేలూ నలగలేదు. దానికి ఆయన పాటించే నియమం ఒక్కటే. పైనున్న బరువు ఏమాత్రం ఊగినా, ఆలోచించకుండా దించెయ్.

కిందటేడు ఆ నియమమే కొంప ముంచింది.

కూతురు ఏంజెలాకి పందొమ్మిదేళ్ళు. వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది. దుర్గ్‌లో పోటీ జరిగింది. ఆఖరి ప్రయత్నంలో బరువుల బార్‌ని తలపైకి ఎత్తింది. చేతులు కాస్త వణికాయి. జడ్జి సైగ చేసేదాకా బార్ పైనే ఉండాలి. ఇంకొక్క క్షణం ఆగితే చాలు. అప్పుడు జనంలోంచి ఏసురత్నం లేచి, క్రేను మోతని మించి అరిచే ఆ గొంతుతో, రెండు చేతులూ కిందికి ఊపుతూ, "నీచే, నీచే రఖ్" అన్నాడు, కింద పెట్టెయ్ అని. పుట్టినప్పటినుంచీ ఆ గొంతుకి లోబడి పెరిగిన పిల్ల. దించేసింది. ఎత్తింది చెల్లదని ఎర్రలైట్లు వెలిగాయి. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో గ్లాసుల మోత తప్ప మాట లేదు.

ఈ ఏడు పోటీ ఊళ్ళోనే, స్మృతి నగర్‌లో పెట్టారు. నాన్న రావడానికి వీల్లేదని ఏంజెలా ముందే చెప్పేసింది. ఆయన వెళ్ళి కుళాయి బిగించాడు. బిగిసే ఉన్న కుళాయిని మళ్ళీ బిగించాడు. సందులోకి వెళ్ళి ఎవరి సైకిలో పక్కకి జరిపాడు, తిరిగి ఉన్నచోటే పెట్టాడు. మూడు రోజులు ఇదంతా చూసి డైసీ కూతురి దగ్గర రాయబారం నడిపింది. చివరికి ఏంజెలా ఒక షరతు మీద ఒప్పుకుంది.

ఆమె జట్టులోని ఆడపిల్లలంతా కొరియా సీరియళ్ళు చూసి చూసి, ప్రాక్టీసులో ఒకరికొకరు కొరియా మాటల్లోనే ధైర్యం చెప్పుకుంటారు. నాన్న కూడా ఆ మాటలే, అవీ మూడే అనాలి. నాలుగో మాట నోట్లోంచి రాకూడదు.

"తెలుగులో అంటే ఏటయిపోద్ది?" అని అడిగాడాయన.

"తెలుగులో నీకు జాగ్రత్త అన్నది ఒక్కటే వచ్చు పప్పా. హిందీలో హఠో, అదే తప్పుకో. కొరియన్‌లో అయితే నువ్వింకా ఎవర్నీ భయపెట్టలేదు కదా."

బార్ దగ్గరికి నడిచేటప్పుడు 'హ్వాయిటింగ్', అంటే కానియ్. బార్ భుజాలమీదికి వచ్చాక 'హల్ సు ఇస్సొ', అంటే నీవల్ల అవుతుంది. ఎత్తలేకపోతే 'క్వెన్‌చనా', అంటే ఏం ఫర్లేదు. కాగితమ్ముక్క మీద తెలుగులో రాసుకుని ఫ్యాక్టరీ హెల్మెట్ లోపల అంటించుకున్నాడు. రోజుకి ఇరవైసార్లు హెల్మెట్ తీసి అందులోకి చూస్తుంటే, తలలో ఏదో తేడా చేసిందేమోనని తోటివాళ్ళు జాలిపడ్డారు.

ఒక ఉదయం ఆయన పరధ్యానంలో వాకీటాకీ మీట నొక్కిపెట్టి మననం చేశాడు. పైన కాబిన్లో ఉన్న తాతబ్బాయి చెవిలో ఎవరో పరాయిభాషలో గొణిగారు. అతను బెదిరి క్రేను ఆపేశాడు. ఉక్కు పలకల కట్ట గాల్లో నిలిచిపోయింది. టీ వేళకి కిందికి దిగివచ్చి సంగతంతా కూపీ లాగాడు. విన్నాక నవ్వుతాడనుకున్న మనిషి నవ్వలేదు.

"ఇరవయ్యేళ్ళయినాది ఏసన్నా, నీ సెయ్యి సూసి బరువులెత్తతన్నాను. ఒక్కనాడైనా బాగెత్తినావురా అన్నావేటి?"

"దానికి సైగ లేదురా మన పుస్తకంలో. శభాష్‌కి సైగ లేదు."

"పోనీ ఆ కొరియా మాటే అను. నానూ ఇంటాను."

ఏసురత్నం నోరు తెరిచాడు. అటూ ఇటూ చూశాడు. టీ చల్లారిపోతోందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆదివారం ప్రార్థన కూటంలో ఇంకో ముచ్చట. జబ్బుచేసిన మనవడి గురించి ఒక పెద్దావిడ కన్నీళ్ళతో చెప్పుకుంటోంది. అందరూ ఆమెన్ అన్నచోట ఈయన గొంతు ఒక్కటే గట్టిగా 'క్వెన్‌చనా' అంది. పాస్టరు గారు దాన్ని అన్యభాషల వరమనుకున్నారో ఏమో, కాసేపు కళ్ళు తెరవలేదు. డైసీ మాత్రం తెరిచింది. ఆ చూపు ఇల్లు చేరేదాకా ఆయన వీపు మీదే ఉంది.

పోటీరోజు మూడోవరసలో కూర్చున్నారు. డైసీ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కిపట్టింది. ఏంజెలా చేతులకి సుద్దపొడి రాసుకుని బార్ దగ్గరికి వచ్చింది. ఒక్కసారి నాన్న వైపు చూసింది. ఇదే సమయం. ఆయన నోరు తెరిచాడు. మొదటి మాట రాలేదు. బార్ భుజాలమీదికి వచ్చింది. రెండో మాట కూడా రాలేదు. వచ్చేది ఏమిటో ఆయనకి తెలుసు, అది నీచే అన్న మాట. అది బయటపడకుండా చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఏంజెలా డెబ్బయ్యెనిమిది కిలోలు ఎత్తి నిలబెట్టింది. తర్వాతి ప్రయత్నం పోయింది. పోయినప్పుడు కూడా నాన్నవైపు చూసింది. చెప్పాల్సిన మూడో మాట రుమాల్లోనే ఉండిపోయింది.

అయినా ఆమెది మూడో స్థానం. పతకం దక్కే చివరి స్థానం. ఇక మిగిలింది ఒక్క పిల్ల, కోర్బా నుంచి వచ్చిన దులారి. డెబ్బయ్యొమ్మిది కిలోలు అడిగి రెండుసార్లు కింద పడేసింది. ఇది ఆఖరిసారి. ఎత్తితే ఏంజెలా నాలుగో స్థానానికి దిగిపోతుంది.

దులారి వైపు అరిచేవాళ్ళు హాలులో ఒక్కరూ లేరు. సుద్దచేతులతో కళ్ళు తుడుచుకుని మొహమంతా తెల్లగా చేసుకుంది. బార్ ముందు నిలబడి వంగడానికి భయపడుతోంది.

డైసీ చేతికింద మోకాలు ఊగడం ఆగిపోయింది. ఆమె కంగారుగా చూసేసరికే ఆయన లేచి నిలబడ్డాడు. రుమాలు నోట్లోంచి జారింది.

"హ్వాయిటింగ్" అన్నాడు. హాలు మొత్తం వెనక్కి తిరిగింది. దులారి వంగింది. బార్ భుజాలమీదికి వచ్చింది. "హల్ సు ఇస్సొ" అన్నాడు, ముప్పయ్యొక్కేళ్ళ గొంతంతా పెట్టి. బార్ తలపైకి లేచి ఊగింది. ఇప్పుడు ఆ పాతమాట వస్తుందని డైసీ కళ్ళు మూసుకుంది. రాలేదు. జడ్జి సైగ చేసేదాకా ఆయన రెండు అరచేతులూ పైకెత్తి, ఆ బరువు తనే మోస్తున్నట్టు నిలబడ్డాడు.

తెల్లలైట్లు వెలిగాయి. దులారి ఏడుస్తూ, నవ్వుతూ, ఆ తెలియని పెద్దాయనకి చేతులు జోడించింది. బెంచీ మీద ఏంజెలా తువ్వాలు మొహమ్మీదికి లాక్కుంది. అది చూశాకగానీ తను ఏం చేశాడో ఏసురత్నానికి తెలియలేదు.

డైసీ సామాన్లతో ఆటోలో వెళ్ళింది. కావాలనే వెళ్ళిందని నా అనుమానం. తండ్రీకూతుళ్ళకి ఒకే స్కూటర్ మిగిలింది. ఏంజెలా నడిపింది, ఆయన వెనక కూర్చున్నాడు. రైల్వేగేటు దగ్గర ఆగారు. గేటు పడి ఉంది. ఖనిజం మోసే గూడ్సుబండి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి తాపీగా వెళుతున్నాయి.

"మాటలు కరెక్టుగానే వచ్చు కదా పప్పా. నా టైంలో ఏమైంది?"

ఆయన గూడ్సుబండి వైపే చూస్తూ చెప్పాడు. "నీ నెత్తిమీద బరువుంటే నాకు నోరు లెగదమ్మా. నువ్వు నలిగిపోతావనే ఉంటాది. ఆ పిల్ల మీదయితే, అది ఎత్తగలదని అవుపించింది."

"నేను ఎత్తగలనని ఎప్పుడు అవుపిస్తాది?"

తన యాస కూతురి నోట వినడం ఆయనకి అదే మొదటిసారి. పెట్టెలు ఇంకా వెళుతూనే ఉన్నాయి. పక్కన మోటార్‌సైకిల్ మీద ఒకాయన, కూరగాయల సంచీతో ఒకావిడ, అందరూ చెవులిటే పెట్టారు. ఏసురత్నం ఒకసారి దగ్గాడు. కూతురి హెల్మెట్ దగ్గరికి వంగి, దొంగతనం చేస్తున్నట్టు, ఆమెకి బాకీపడ్డ ఆ మూడో మాట, "క్వెన్‌చనా" అన్నాడు.

"వినపడలేదు."

ఈసారి గట్టిగా అన్నాడు. కూరగాయలావిడ సంచీ రెండో చేతిలోకి మార్చుకుంది. ఏంజెలా వెనక్కి తిరగలేదు.

"నవంబర్‌లో రాయ్‌పూర్ మీట్‌కి దులారి కూడా వస్తుంది. మళ్ళీ ఆ పిల్లకి చెప్పావంటే నిన్ను స్టేషన్‌లోనే వదిలేస్తాను" అంది.

అంటే తీసుకెళుతుందన్నమాట. గేటు లేచింది. పాతిక గజాలు వెళ్ళారో లేదో మళ్ళీ ఆమె గొంతు.

"పప్పా, కాలు ఊపకు. బండి ఊగుతోంది."