రాగి చెంబులో ఈజా నది

దయ్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ భయం లేదు, నమ్మకమూ లేదు. మా ఆయన కాలవ మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. తూము పక్కన మా పాక, పాక పక్కన శ్మశానం. పెళ్ళయిన కొత్తలో అక్కడే కాపరం పెట్టాను. కాలుతున్న కట్టెల వెలుగులో కూర అడుగంటకుండా కలుపుకున్న మనిషిని నేను. ఒక్క దయ్యమూ వచ్చి ఏం కూర అని అడగలేదు.

నాకు సంతకం వరకే చదువు. ఇదంతా నేను ఫోనులో చెబుతుంటే ఫోనే రాసుకుంటోంది. నా గొంతు బొంగురు కదా, సగం మాటలు తప్పు రాస్తుందట. వాటిని మా అమ్మాయి పైడితల్లి సరిచేస్తోంది. సరిచేయడమే, కలపడం లేదు. కలిపితే ఊరుకోనని ముందే చెప్పాను.

ఆయన పోయాక అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. అమెరికాలో, జార్జియాలో కమ్మింగ్ అనే ఊరు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకి పోతే పగలంతా ఇల్లు నాది. డిష్‌వాషర్ మాత్రం వాళ్ళది, దాన్ని నేను ముట్టను.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు. స్నానానికి మొదటి చెంబు పోసుకునే ముందు నేను నదుల్ని పిలుస్తాను. మా అమ్మ నేర్పింది. శ్లోకం చదివేవాళ్ళు శ్లోకం చదువుతారు, మాకు శ్లోకం రాదు. గంగమ్మా రా, గోదారీ రా, జంఝావతీ రా, వేగావతీ రా, సువర్ణముఖీ రా, నాగావళీ రా. అంతే. మాది పార్వతీపురం పక్క కొండ కింది పల్లె. కొండ గెడ్డలన్నీ ఆ చిన్న ఏళ్ళలోకి, ఆ చిన్న ఏళ్ళు నాగావళిలోకి పోతాయి. వాటిని వదిలేసి గంగనొక్కదాన్నే పిలిస్తే ఏం మర్యాద?

పిలిచినంత మాత్రాన బకెట్లోకి నది వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. అన్నం తినేముందు కళ్ళకద్దుకున్నట్టు, అదొక అలవాటు.

మా వెనకింట్లో ఫ్లోరికా అని ఒక ముసలావిడ ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. తలకి పూల రుమాలు కట్టుకునేది. రుమేనియా దేశంలో మారమురేష్ అని కొండల సీమ, అక్కడిది. కూతురు డానా ఇక్కడ స్కూల్లో పనిచేస్తుంది. ఆవిడా నాలాగే మొగుడు పోయి కూతురి దగ్గరికి చేరింది.

మా రెండిళ్ళ వెనకాల సన్నని వాగు ఒకటి ఉంది. ఒకరోజు ధబ్ ధబ్ మని చప్పుడు వినబడి వెళ్ళి చూస్తే, ఫ్లోరికా పెద్ద గొర్రె ఉన్ని దుప్పటి వాగులో ముంచి కర్రతో బాదుతోంది. ఒక్కదానివల్ల కావడం లేదు. నేను చీర దోపుకుని దిగి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు తిప్పి పిండాం. మాటలు లేవు. పిండటానికి మాటలెందుకు?

సాయంత్రం మా అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది.

“అమ్మా, హెచ్‌ఓఏ వాళ్ళు, అదే కాలనీ సంఘం వాళ్ళు, మెయిల్ పెట్టారే! వాగులో బట్టలుతకకూడదట. ఫోటో కూడా తీశారు.”

“బాగా వచ్చిందా ఫోటో?”

“అమ్మా!”

“ఓలమ్మ, దుప్పటి ఆవిడది. నేను పిండానంతే.”

ఆ రోజునుంచి మేమిద్దరం వాగు ఒడ్డున కూర్చునేవాళ్ళం. ఆవిడకి ఇంగ్లీషు నాలుగు ముక్కలు, నాకు రెండు. నేను ‘అక్కా’ అని పిలిస్తే అదే నా పేరనుకుందో ఏమో, ఆవిడా నన్ను ‘అక్కా’ అనేది. డానా నవ్వేది.

ఒకనాడు ఫ్లోరికా తడి ఇసకలో పుల్లతో పొడుగ్గా ఒక గీత గీసి ‘ఈజా’ అంది. వాళ్ళ ఊరి నది. పై నుంచి ఇంకో గీత తెచ్చి అందులో కలిపి ‘బోటీజా’ అంది. కిందికి వచ్చి ఇంకొకటి ‘మారా’. ఆ మారాలోకి మరొకటి ‘కొసౌ’. కొసౌ మారాలో పడుతుంది, మారా ఈజాలో పడుతుంది, ఈజా పోయి తీసా అనే పెద్ద నదిలో పడుతుంది. రెండు చేతులూ గుండ్రంగా తిప్పి ఏదో చూపించింది. డానా వచ్చాక అర్థమయింది. అక్కడ ఏటి పక్కన చెక్కతో గొయ్యిలా కట్టి నీటిని పైనుంచి వదులుతారట. నీళ్ళు సుడి తిరుగుతుంటే దుప్పట్లు వాటంతటవే తిరిగి ఉతుకు పడతాయట. ఈవిడకి వాగులో దుప్పటి బాదే బుద్ధి ఎందుకు పుట్టిందో అప్పుడు తెలిసింది.

నేనూ పుల్ల తీసుకుని నావి గీశాను. జంఝావతి, వేగావతి, సువర్ణముఖి, నాగావళి. ఆవిడ ‘నగావలి, నగావలి’ అని అప్పచెప్పేది. నేను ‘కొసౌ, మారా, బోటీజా, ఈజా’ అని అప్పచెప్పేదాన్ని. ఎవరైనా చూస్తే ఇద్దరు ముసలి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారనుకోవాలి.

మా ఆయన కాలవలో నీళ్ళ రంగు చూసి వాన ఏ కొండ మీద పడిందో చెప్పేవాడు. ఆ మాట చెప్పించాను డానా చేత. ఫ్లోరికా గర్వంగా నాలిక బయటపెట్టి వేలితో చూపించింది. ఆవిడ రుచి చూసి చెబుతుందట. నేను పకపకా నవ్వాను. నమ్మలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఫ్లోరికా మంచాన పడింది. గుండె అలిసిపోయిందన్నారు. ఆస్పత్రిలో చేసేదేమీ లేదని, చివరి రోజుల్లో చూసుకునే హాస్పిస్ వాళ్ళు ఇంటికే మంచం తెచ్చి హాల్లో వేశారు. నేను రోజూ వెళ్ళి కాళ్ళు ఒత్తేదాన్ని. ఎముకలు తప్ప ఏమీ లేవు ఆ కాళ్ళలో.

ఒక మధ్యాహ్నం డానా మా వెనక తలుపు కొట్టింది. ఏడుస్తోంది. ఆ రోజు మా అమ్మాయి ఇంటినుంచే పని చేస్తోంది, మీటింగ్ ఆపి వచ్చింది. వాళ్ళమ్మ నిన్నటినుంచి నీళ్ళు మింగడం లేదట. నోట్లో చెంచాడు పోస్తే ఉమ్మేస్తోంది. సీసా నీళ్ళు ఇచ్చినా అంతే, ఫ్రిజ్ నీళ్ళు ఇచ్చినా అంతే. ఈజా నీళ్ళు కావాలంటోంది.

“ఎక్కడనుంచి తేను ఆంటీ? ఊళ్ళో మామయ్య సీసాలో పట్టి పంపుతానన్నాడు. అది వచ్చేదాకా అమ్మ ఉండదు. గొంతు ఎండిపోయి పోతుందా మా అమ్మ?” అని మా అమ్మాయి భుజం పట్టుకుంది. ఆ పిల్ల ఇంగ్లీషులో అన్నది మా అమ్మాయి నాకు చెప్పింది. చెప్పకపోయినా తెలిసేది.

మావైపు పోయేవాళ్ళ నోట్లో నీళ్ళు పోసి పంపిస్తాం. అది కూడా లేకుండా పోతే ఉన్నవాళ్ళకి ఆ దాహం బతికినంత కాలం ఉంటుంది. నేను దేవుడి దగ్గర రాగి చెంబు తీసుకుని బయల్దేరాను.

“ఏం చేస్తావమ్మా?” అంది పైడితల్లి.

“పిలుస్తాను.”

“టాప్ వాటరే కదమ్మా. ఆవిడకి తెలిసిపోతుంది.”

“తెలిస్తే తెలియనీ. తాగడం కదా కావాలి.”

నిజం చెబుతున్నాను, నా మనసులో అంతకంటే ఏమీ లేదు. ముసలిదాన్ని మాయచేసి రెండు చుక్కలు తాగించాలనే అనుకున్నాను.

డానా వంటింట్లో టాప్ తిప్పి చెంబు నింపాను. జార్జియా ఎండాకాలంలో టాపు నీళ్ళు ఎలా ఉంటాయో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. ఎంతసేపు వదిలినా గోరువెచ్చగానే వస్తాయి. ఐసు వేయలేదు. డానా గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. వేలు ముంచి, పెదవి కదలకుండా లోపల్లోపలే పిలిచాను. కొసౌ రా. మారా రా. ఈజా రా తల్లీ, నీ కూతురు దాహంతో ఉంది.

ముందు నా వేలు లాగింది. చలికాలం పొద్దున గెడ్డలో చెయ్యి పెడితే ఎముక లాగుతుందే, అలా. వేలు తీసేశాను. చెంబు బయట చెమట పట్టింది. చూస్తుండగానే బొట్లు బొట్లుగా కారి నా ముంజేతి మీద పడింది. తడి ఉన్ని వాసన వచ్చింది. దాని వెనక ఏదో చెట్టు జిగురు వాసన.

డానా రెండడుగులు ముందుకు వచ్చి ఆగిపోయింది. చిన్నప్పుడే ఆ ఊరు వదిలేసింది, నీళ్ళ రుచి తనకి గుర్తులేదని తరవాత చెప్పింది. ఆ వాసన మాత్రం గుర్తుందంది.

చెంచాతో పెదవి తడిపాను. ఉమ్మలేదు. ఇంకో చెంచా పోశాను. గుటక పడింది. కళ్ళు తెరిచి, నాలిక నోట్లో అటూ ఇటూ తిప్పి, చుట్టాలింటి పెళ్ళిలో ఎవరో తక్కువైనట్టు మొహం పెట్టింది. సన్నగా ఏదో అంది.

డానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు. మా అమ్మాయి అడిగితే చెప్పింది. “బోటీజా ఏది, రాలేదా అంటోంది.”

బోటీజాని నేను మర్చిపోయాను. ఆవిడ అడిగేదాకా మర్చిపోయానన్న సంగతే నాకు తెలియదు. నేను పిలిచింది లోపల, నా భాషలో, వంటింట్లో. మంచం ఉన్నది హాల్లో. ఆవిడకి ఎవరు చెప్పినట్టు?

చెంబు పట్టుకుని మళ్ళీ టాపు దగ్గరికి పోయాను. ఉన్న నీళ్ళ మీదే ఇంకొంచెం పట్టాను. ఈసారి పైకే అన్నాను. “బోటీజా, అమ్మా, పెద్దదాన్ని, బుర్ర పనిచెయ్యలేదు. కోపం పెట్టుకోకుండా రా.” సింకు ముందు నిలబడి నేను బతిమాలుతుంటే మా అమ్మాయి నవ్వలేదు. అది నవ్వకపోయేసరికే నాకు భయమేసింది.

రెండోసారి పోసినవి ఫ్లోరికా నిమ్మళంగా మింగింది. చాలు అన్నట్టు నా మణికట్టు పట్టుకుంది. ‘అక్కా’ అంది. తరవాత డానాతో ఏదో అంది.

అందరూ వచ్చారంటోంది, అని చెప్పింది డానా.

మర్నాడు పొద్దున్న నిద్రలోనే పోయింది. నోరు తడిగానే ఉందట.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. ఆ సాయంత్రం చెంబు ఇంటికి తెచ్చి వంచితే అడుగున సన్నని బూడిదరంగు ఒండ్రు కనబడింది. జబ్బు మనిషి దగ్గరినుంచి తెచ్చిన చెంబు కదా, చేతికి చింతపండు తగిలింది, తోమేశాను. తళతళా మెరిసేలా తోమి దేవుడి దగ్గర బోర్లించాను. అలవాటు.

“అయ్యో అమ్మా, ఆ మట్టి ఉంచకపోయావా! ల్యాబ్‌కి పంపించేవాళ్ళం” అని పైడితల్లి తల పట్టుకుంది.

“ఏమని రాసి పంపుతావే? మా అమ్మ పిలిస్తే వచ్చిందనా?”

తరవాత అది చాలా కారణాలు వెతికింది. పైపులు బాగుచేసి ఉంటారు, అందుకే మట్టి. ఏసీ గాలికి చెంబు చెమట పట్టి ఉంటుంది. వాసన ఆ ఇంట్లో దుప్పట్లదే అయి ఉంటుంది. నేను అన్నిటికీ తలూపాను. అయి ఉండొచ్చు. బోటీజా సంగతేమిటంటే మాత్రం అదీ చెప్పలేకపోయింది, నేనూ చెప్పలేను. ఇప్పటికీ చెప్పలేను. దయ్యాలున్నాయని నేను ఇప్పుడూ అనను. ఇది దయ్యం కాదు. ఏమిటో తెలియదు.

ఒక్కటి చేశాను. ఫ్లోరికా పోయిన కొన్నాళ్ళకి నా కోసం నేను పిలుచుకుని చూశాను. అదే చెంబు, అదే వేలు. జంఝావతీ రా, వేగావతీ రా, సువర్ణముఖీ రా, నాగావళీ రా. ఆయన తూము దగ్గర దోసిలితో తాగించిన నీళ్ళు ఒక్క గుటక కావాలనిపించింది. నీళ్ళు గోరువెచ్చగా అలాగే ఉన్నాయి. టాపు వాసనే.

ఆ సంగతి కారులో వెళుతూ పైడితల్లికి చెప్పాను. రెడ్ లైట్ దగ్గర ఆగాక అంది, “ఆవిడ తనకోసం తను పిలుచుకోలేదు కదమ్మా. నువ్వు పిలిచావు.”

నా నదుల పేర్లు తెలిసిన ఇంకో మనిషి ఆవిడే. ఆవిడ పోయింది.

పచ్చ లైటు పడింది. పైడితల్లి కారు కదిలిస్తూ, “ఏ వరసలో పిలవాలి? చెప్పు” అంది. ఆ తూము పక్కనే పుట్టిన పిల్ల, ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

అప్పటినుంచి నేర్చుకుంటోంది. ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ అప్పచెబుతుంది. జంఝావతి చెబుతుంది, సువర్ణముఖి చెబుతుంది, నాగావళి చెబుతుంది. వేగావతిని మాత్రం రోజూ మర్చిపోతుంది.

మర్చిపోనీ. నా వంతు వచ్చిన రోజు, తాగాక నేను అడుగుతాను కదా.