అవ్వ దులిపిన కాగితం

ఆ రోజుల్లో గాలికి గూడ పాస్ మార్కులుంటయని నాకు తెల్వది. డిగ్రీ అయినంక గోదావరిఖనిల ఒక ప్రైవేటు ల్యాబుల కుదిరిన. మిషిన్ల తెల్లకాగితం పెట్టి రోజంత నడిపి, దాని మీద పడ్డ దుమ్మును తూకమేసుడు నా పని. దుమ్ము హద్దు దాటితే మా కాలనీ పక్కన బొగ్గు కుప్పకు కంపెనోళ్లు షెడ్డు కట్టియ్యాలె. దాటకపోతే మేం పీల్చేది మంచి గాలే. (మా అవ్వ దగ్గు ఆ లెక్కల రాదు.)

మా ఇన్‌ఛార్జి సారు మహా తెలివిగలోడు. ముందుగాల రోడ్డుకు ట్యాంకరుతోని నీళ్లు కొట్టిచ్చి, మిషిన్‌ను కంపెనీ గెస్ట్‌హౌస్ గులాబీ చెట్ల నడుమ పెట్టిచ్చేటోడు. "గాలి యాడైనా గాలే గద తమ్మీ," అనేటోడు. గులాబీలకు దగ్గు రాదు గద మరి. నాకు ఒళ్లు మండేది. ఒకసారి సారు సెలవు మీద పోంగనే, మిషిన్ తెచ్చి మా క్వార్టర్ డాబా మీద పెట్టిన. షెడ్డు పడితే అవ్వ జర ఊపిరి తీస్కుంటదని నా ఆశ.

తెల్లారి తీసి చూస్తే కాగితం పెనం అడుగు లెక్క నల్లగున్నది. సంబురంతోని దాన్ని పళ్లెంల పెట్టి, మొఖం కడుక్కొని వచ్చేసరికి సగం తెల్లబడ్డది. మా కాలనీ ఆడోళ్లకు పొద్దున లేస్తే మంచం, గిన్నె, మనుమని నెత్తి, ఏది దొరికితే అది దులుపుడే పని.

"ఏంజేసినవే అవ్వా?"

"మసి పట్టింది గద బిడ్డా, దులిపిన. ఆఫీసు కాగితం గట్లిస్తే నిన్నే అంటరు," అని దగ్గుకుంట చెప్పింది.

అది పారేసి మళ్ల మిషిన్ నడుపుదామనుకున్న. కొత్త కాగితం కోసం ల్యాబుకు పోతే, సారు సెలవు అయిపోకముందే వచ్చి కూసున్నడు. చేతిలున్న కాగితం గుంజుకొని, మిషిన్ యాడ పెట్టినవో అడిగి, తనే తూకమేసిండు. హద్దుకు చానా కింద. "కాలనీల గూడ గింత సాఫు గాలా! సంతకం పెట్టు తమ్మీ, నీ నౌకరి పక్కా." అవ్వ దులిపిందని చెప్పి సంతకం పెట్టకపోతే, అడగకుంట మిషిన్ తీస్కపోయిన తప్పు కింద ఉన్న నౌకరి ఊడుతది. అంతదాక హీరో లెక్క తిరిగినోణ్ని, నోరు మూసుకొని సంతకం పెట్టిన.

షెడ్డు రాలే. మనుమని సంతకమున్నదని అవ్వ ఆ రిపోర్టు జిరాక్సును ఫ్రేము కట్టిచ్చి గోడకు పెట్టిచ్చుకున్నది. ఉన్నన్ని రోజులు పొద్దుగాల్నే దాని మీది మసి కొంగుతోని తుడిచి, దగ్గేది. ఇప్పుడు నేనే తుడుస్తున్న. ఆ సంతకం పెట్టిన పోరణ్ని తల్సుకుంటే నవ్వొస్తది, రెండు తగిలియ్యాలె అని గూడ అనిపిస్తది. ఒక్క పూట తుడవకపోతే వాని పేరు కనవడది.