పదేళ్లకు ఎన్నేళ్లు ఇస్తారు? జహీరాబాద్ నుంచి ఝరాసంగం దారిలో

ఈసారి ప్రయాణం చూడడానికి కాదు, అడగడానికి. నా ఉద్యోగం గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ల మొహం మారిపోతుంది కాబట్టి చెప్పడమే మానేశాను. జబ్బుతో ఉన్న మనిషి బతుకు ఎంత బాగుందో అంకెలో చెప్పడం నా పని. ఒక చికిత్సకు ప్రభుత్వం డబ్బు పెట్టాలా వద్దా అని తేల్చేటప్పుడు మనిషి ఎన్నేళ్లు బతుకుతాడన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ ఏళ్లు ఎలా గడుస్తాయో కూడా చూడాలి. నిండు ఆరోగ్యంతో గడిచిన ఏడాదిని ఒకటిగా లెక్కేస్తే, మంచం మీద గడిచిన ఏడాది అరగానో పావుగానో తేలుతుంది. ఆ అరలూ పావులూ ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చేవాళ్లం మేము. జహీరాబాద్ చుట్టుపక్కల డయాలిసిస్ చేయించుకుంటున్నవాళ్ల జవాబులు వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరం నోరెళ్లబెట్టాం. నడవడానికి ఇబ్బంది లేదట, స్నానానికి ఇబ్బంది లేదట, దిగులు అసలే లేదట. ఆ లెక్కన వాళ్లు మాకంటే ఆరోగ్యంగా ఉన్నారు. అడగడంలోనే ఎక్కడో తప్పు జరుగుతోందని అనుకుని, వెళ్లి చూసి రమ్మని నన్ను పంపారు.

లింగంపల్లిలో ఉదయం ఏడింటికి జహీరాబాద్ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బులుండవు, కానీ సీటు కూడా ఉండదు. సంగారెడ్డి దాకా ఒంటికాలి మీద నిలబడి, అక్కడ ఒకావిడ దిగితే కూలబడ్డాను. బొంబాయి రోడ్డు మీద లారీల వెనక, చెరకు ట్రాక్టర్ల వెనక పాకుతూ బస్సు పదింటికి ముందే జహీరాబాద్ చేర్చింది. బస్టాండు ఎదుట ఇడ్లీ తినండి, తర్వాత దారిలో ఏమీ దొరకదు. అక్కడి నుంచి ఝరాసంగం వైపు షేర్ ఆటోలు ఉంటాయి. మనిషికి నలభై తీసుకుంటారు, కానీ పది మంది నిండేదాకా కదలరు. నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. ఆయన పేరు ఖదీర్ భాయ్, గడ్డం నెరిసిన మనిషి. ఎవరింటికి వెళ్లాలో చెప్పగానే నా వైపు ఒకసారి చూశాడు.

“సంగప్ప ఇంటికా? వారానికి మూడుసార్లు నా బండ్లనే పోతడమ్మా మిషన్ కాడికి. ఏం పని పడ్డది?”

“ఎలా బతుకుతున్నారో అడగాలి.”

“ఎట్ల బతుకుతరు, బతుకుతున్నరు.” బండి మలుపు తిప్పి మళ్లీ అన్నాడు. “పోయిన నెల రెండుసార్లు బండి ఎక్కనని కూసున్నడు. మానెమ్మ చెయ్యి వట్టి ఎక్కించింది. మొగోడు ఏడ్చుకుంట ఎక్కిండు. నేను అద్దంల చూడలే.”

మానెమ్మ సంగప్ప భార్య. నన్ను ఊరి మొదట్లో దింపి, నాలుగింటికి తిరిగి వస్తానని, అది తప్పితే ఇంకో ఆటో దొరకదని ఖదీర్ భాయ్ హెచ్చరించి వెళ్లాడు. రోడ్డుకు రెండువైపులా కంది చేలు, పత్తి చేలు, అక్కడక్కడా బోరు కింద అల్లం మడులు. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. సంగప్ప రేకుల ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఉంటాయేమో, డెబ్బై ఏళ్లవాడిలా కనిపించాడు. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమ చేతి నరం తాడులా ఉబ్బి ఉంది. నాలుగేళ్ల కిందటి దాకా బోరు కింద అల్లం పండించిన రైతు. ఇప్పుడు పొలం మానెమ్మ చూస్తోంది. ఆమె నాకు చెంబుడు నీళ్లు తెచ్చింది, దాహం మీద గటగటా తాగేశాను. ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడని ఆలస్యంగా గమనించాను. కిడ్నీలు పనిచేయవు కాబట్టి రోజు మొత్తానికి ఆయనకు కొలిచి ఇచ్చే నీళ్లు రెండు చిన్న గ్లాసులే. ఇంట్లో ఎవరూ ఆయన ముందు నీళ్లు తాగరట.

అడగడం మొదలుపెట్టాను. స్నానం చేయడానికి ఇబ్బంది ఉందా అంటే, “ఏం లేదు” అన్నాడు వెంటనే.

“నీళ్లెవరు పోస్తారు?”

“ఇంకెవలు పోస్తరు, మానెమ్మనే. ఈపు రుద్దుతది, తుడుస్తది, ధోతి కడతది. నాకేం ఇబ్బంది?”

నడకకూ అదే జవాబు. నడిచే పనులన్నీ మానెమ్మ చేస్తుంది కాబట్టి నడకతో ఆయనకు ఇబ్బందే లేదు. దిగులుందా అంటే మానెమ్మ వైపు చూసి లేదన్నాడు. “పానం ఎట్లుందంటే మంచిగున్నదనాలె మేడం. ఇంట్ల కూసోని మంచిగ లేదంటె, ఇగ మంచిగ ఎట్లయితది?” అంది ఆమె. మా వాళ్లు పట్టుకోలేకపోయిన తప్పు ఇదే. ఒకరి కష్టాన్ని ఇంకొకరు మోస్తుంటే, మోయించుకునేవాడు తనకు ఇబ్బంది లేదనే చెబుతాడు, అది అబద్ధం కూడా కాదు. “మానెమ్మ ఓ నెల ఊళ్లో లేదనుకోండి, అప్పుడు?” అని మార్చి అడిగాను. ఒక్కో జవాబూ తలకిందులైపోయింది. తప్పు దొరికినందుకు నాకు సంతోషం కూడా వేసింది.

ఆఖరి ప్రశ్న మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలన్నది మా నియమం. మానెమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాక అడిగాను. ఇప్పుడున్నట్టే పదేళ్లు బతకడం ఒకవైపు, ఏ జబ్బూ లేకుండా అంతకంటే తక్కువ ఏళ్లు బతకడం ఇంకోవైపు. ఎన్నేళ్ల దాకా దిగివస్తారు? ఎనిమిదా, ఆరా, నాలుగా అని తగ్గిస్తూ పోయాను. ప్రతిసారీ ఆరోగ్యం వైపే తల ఊపాడు.

“ఒక్క ఏడాది చాలు బిడ్డా,” అన్నాడు చివరికి. “ఒక్క అల్లం పంట. నేనే ఏసి, నేనే తవ్వి, కడుపు నిండ నీళ్లు తాగి పోత.”

మా లెక్కలో దాని అర్థం, మిషన్ మీద గడిచే పదేళ్లు ఆయనకు ఒక్క ఏడాదితో సమానం. నేను తల ఎత్తేసరికి మానెమ్మ గడపలో చాయ్ గ్లాసుతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

“ఏం అడిగినవక్కా నువ్వు?” అంది. అప్పటిదాకా మేడం అన్న మనిషి. చెప్పాను. “గీ మాట పైకి పోతదా?”

“పేరు పోదు. అంకె మాత్రం పోతుంది.”

“ఒక్క ఏడాది చాలంటున్నడు, గీయనకు పదేండ్లు మిషన్ ఎందుకనరా ఆళ్లు?”

అనరని నేను చెప్పలేను. ఆమె భయంతో అన్న మాట అది, కానీ మా లెక్క నడిచేది అచ్చంగా ఆ దారిలోనే. రోగి గడిపే ఏడాది విలువ ఎంత తక్కువని తేలితే, అలాంటి ఏళ్లను పొడిగించే చికిత్స అంత దండగ ఖర్చుగా కనిపిస్తుంది. ఇబ్బంది లేదు, ఇబ్బంది లేదు అన్న ఆ జవాబులు ఇన్నాళ్లూ వాళ్లకు అండగా ఉన్నాయి. వాటినే సరిదిద్దడానికి నేను బస్సెక్కి వచ్చాను. “రేపటికి రేపు ఎవరి మిషనూ ఆపరమ్మా,” అన్నాను.

“రేపు కాకుంటె ఎల్లుండి ఆపుతరా?” ఆమె చాయ్ అరుగు మీద పెట్టి భర్త పక్కన కూర్చుంది. “నా ముంగట అడుగు.”

మళ్లీ అడిగాను. సంగప్ప ఆమె మొహం చూశాడు. “ఒక్కటి గూడ ఇయ్య. పదేండ్లు ఉంట,” అన్నాడు. రాసుకొమ్మంది ఆమె. ఒంటరిగా చెప్పిన మొదటి జవాబే చెల్లుతుందని నిజం చెప్పేశాను.

“అయితె నాయి తీసి ఏసుకో. నా ఆయుష్షు గూడ ఆయనకే పోసి రాయి. అప్పుడు తక్కువ పడదు గద.” ఆమె నవ్వులాటకు అనలేదు. ఒకరి ఆయుష్షు ఇంకొకరికి పోసి చూపించే పద్ధతి మా దగ్గర లేదు. చాయ్ అందుకున్నాను. అది ఆయన ఎదుట తాగలేకపోయాను, వదిలేయడమూ బాగుండదు. గోడ చాటుకు వెళ్లి తాగి వచ్చాను.

నాలుగింటికి ఆటో దాకా మానెమ్మ వచ్చింది. బండి దగ్గర గొంతు తగ్గించి అంది, “రేపు మిషన్ దినం. ఒక్క ఏడాది చాలన్న మాట నువ్వు అడగకముందు ఆయన నోట్లె లేకుండె. ఇగ బండెక్కమంటె ఎక్కుతడా?”

ఆ సాయంత్రమే హైదరాబాద్ తిరిగి రావాల్సిన దాన్ని, రాలేకపోయాను. బస్టాండు దగ్గర లాడ్జీలో గది తీసుకున్నాను. ఐదారు వందల్లో దొరుకుతుంది, దోమలకు మాత్రం మందు కొనుక్కోండి. నిద్రపట్టిందనను. పొద్దున్నే దవాఖాన గేటు ముందు నిలబడ్డాను. ఎనిమిది దాటాక ఖదీర్ భాయ్ ఆటో వచ్చింది. వెనక సీట్లో సంగప్ప ఉన్నాడు. మానెమ్మ ఆయన మణికట్టు వదలకుండా పట్టుకుని ఉంది. ఆయన దిగి నన్ను చూసి ఆగాడు.

“పానం మంచిగున్నదా బిడ్డా?” అని అడిగాడు.

“మంచిగానే ఉంది,” అన్నాను. మానెమ్మ నా వైపు చూడలేదు. ఆయనను నడిపించుకుని లోపలికి వెళ్లిపోయింది.

మొదటి జవాబే పంపాను. నియమం అదే కాబట్టి పంపాను, అది ఆయన మాట కాబట్టి కూడా పంపాను. కొలవడమే తప్పని నేను అనను. కొలవకపోతే ఆ అరుగు మీది బతుకు హాయిగా ఉందనే అందరూ నమ్ముతారు, కష్టం తగ్గించే మందు కోసం ఎవరూ వెతకరు. కానీ ఆ అంకె చేతికి వచ్చాక ఎవరు ఏ వైపు నుంచి చదువుతారో నా చేతిలో లేదు, అదే నాకు భయంగా ఉంది. ఆయనకు ఒక్క ఏడాది చాలని ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. వారానికి మూడుసార్లు, ఆ సంగతి తెలిసి ఆమె ఆయనను ఆటో ఎక్కించాలి, తెలిసి ఆయన ఎక్కాలి.

ఇదే పని మీద అటు వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. డయాలిసిస్ మర్నాడు వెళ్లండి, అప్పుడే మనిషికి మాట్లాడే ఓపిక ఉంటుంది. ఆఖరి ప్రశ్నను మాత్రం ముందే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి, జవాబుతో ఏం చేస్తారో చెప్పండి, వద్దంటే అడగకుండా నాలుగింటి ఆటోకు లేచి వచ్చేయండి.